వై నుంచి ఏ దాకా

గుంటూరు మిర్చి యార్డులో
కంప్యూటరుకి కూడా తుమ్ములొస్తాయి.
నెలకోసారి మూత విప్పి
ఫ్యాను రెక్కల మీది ఎర్రదుమ్ము దులుపుతాను.
ఆ ఘాటులో కూర్చునే రాశాను ఈ నిఘంటువుని.
మాటకి అర్థం ఉండేది కాదు,
పేరుకి పైకం ఉండేది.

ఎడమవైపు తాళంచెవి, కుడివైపు విలువ.
కోటేశ్వరమ్మ: ముప్పైరెండు టిక్కీలు, తేజ.
బాజీ: పదకొండు, తాలు కలిసింది.
చెవి తిప్పితే విలువ బయటికొస్తుంది.
విలువ చేత్తో పట్టుకుని చెవిని వెతకాలంటే మాత్రం
కొట్టు కొట్టంతా తిరగాలి,
"ఎవరిదిరా ఈ బస్తా" అని హమాలీ అరుచుకుంటూ తిరిగినట్టు.

దానికి వరసలు పట్టవు.
దించిన బస్తా దించినచోటే.
వరస కావాల్సింది మనుషులకి,
అందులోనూ సాయంత్రం నాలుగు దాటాక
తక్‌పట్టీలు చింపే వేళకి.
అందుకని ఒక్క లైను రాశాను:
చెవుల్ని బట్టి పేర్చు.
పేర్చింది. ఇంగ్లీషులో.

ఆంజనేయులు, బాజీ, చెంచయ్య...
గల్లాపెట్టెలో ఐదొందల కట్టలు కరిగి
నలిగిన నోట్లు మిగిలే వేళకి
వై తో మొదలయ్యే ఏడుకొండలు.

క్రోసూరు బస్సు పోయాక వచ్చేవాడు కిటికీ దగ్గరికి.
మూడు వారాలు ఏమీ అనలేదు.
నాలుగో వారం అడిగాడు,
"కాటా ముందయ్యింది నాదే గదమ్మా,
పట్టీ చివర్న ఎందుకు తెగుద్ది?"
"మీ పేరు వై తో కదండీ" అన్నాను.
"మా నాయన ఏ తోనే పెట్టాడు."

ఆ రాత్రి బ్రాడీపేట గదిలో
చెవులన్నీ తెలుగులోకి మార్చాను, నూట అరవై.
మధ్యలో ఇద్దరు వీరరాఘవులు ఒకే చెవికి చిక్కి
మొదటివాడి నలభై బస్తాలు
రెండోవాడి పద్దెనిమిది కింద మాయమైపోతే
ఊళ్ళ పేర్లు తోకలుగా కట్టి విడదీశాను.
మర్నాడు పట్టీలో
ఈశ్వరమ్మ వెనకే, అచ్చుల్లో,
హల్లులింకా మొదలవకముందే
దర్జాగా ఏడుకొండలు.

అప్పుడొచ్చాడు హనుమంతు.
"నిన్నటిదాకా నడిమధ్యన ఉన్నానే.
ఇవాళ ఏం తప్పు చేశా?"

నాకు తెలుసు ఆ చోటు. నా పేరు హఫీజా.
బళ్ళో హాజరుపట్టీలో అడుగు గీత నాది,
నోరు తెరిచేలోపే పుస్తకం మూసేవారు.
కాలేజీలో ఇంగ్లీషు పట్టీ ఎక్కగానే
ఎనిమిదో అక్షరం దగ్గర ఫ్యాను కింద చోటు దొరికింది.
దానికోసం నేను విడిగా చదివిందేమీ లేదు.

షావుకారు శేషగిరిగారిది ఒకటే మాట,
"విలువని బట్టి పేర్చమ్మా, పెద్ద పైకం ముందు."
పేర్చి చూపించాను.
రెండు టిక్కీల నాంచారమ్మ
తెర కిందికి జారి కనపడకుండా పోయింది.

గుమస్తా కుటుంబయ్య కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగాడు,
"ఇద్దరిదీ సమానమైతే అప్పుడేం చేస్తది?"
"వాళ్ళని కదపదండీ.
ముందొచ్చినవాళ్ళు ముందే ఉంటారు."
"అయితే
అందర్నీ సమానం అనుకోమను దాన్ని."

నవ్వాను. అట్లా అయితే
పేర్చే లైనే అక్కర్లేదు, కొట్టెయ్యొచ్చు.
కొట్టెయ్యలేదు.
ఏ చెవి అడిగినా సున్నా చెప్పమని రాశాను.
కోటేశ్వరమ్మకి సున్నా, చెంచయ్యకి సున్నా,
షావుకారుగారి బావమరిదికి సున్నా.
యంత్రం నూట అరవై సున్నాల్ని పోల్చి పోల్చి
ఎవర్నీ కదపకుండా
వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపించింది.
ఏడుకొండలుకి బస్సు అందింది.

మర్నాడు తెల్లారుజామున మూడింటికి
యార్డు గేటు ఇంకా తియ్యనేలేదు.
తలుపుకి ఆనించిన బస్తాల మీద
దుప్పటి ముసుగేసుకుని, తుమ్ముకుంటూ,
హనుమంతు.