జాప్యం

నాంపల్లి, మూడో అంతస్తు, అప్పీళ్ల గది.
లక్డీకాపూల్ దగ్గర వాననీళ్లు నిలిచి
నేను నలభై నిమిషాలు లేటు.
అందరూ లేచి నిలబడ్డారు,
కారణం ఎవరూ అడగలేదు.

మొదటి కేసు ఈదమ్మ.
ఊడ్చే పనిలోంచి తీసేశారు.
అప్పీలు గడువు దాటి పదకొండు రోజులు.
"ఎందుకింత జాప్యం?"
అది నేనడిగింది కాదు, కుర్చీ అడిగింది.

"కాగితం సదివిపెట్టేటోళ్లు దొరకలే సారూ.
దొరికినాయన పది దినాలు తిప్పుకున్నడు."

రుజువు లేదన్నాడు శాఖ వకీలు.
నిజమే, లేదు.
చదువు రాకపోవడానికి రసీదు ఎవరిస్తారు?

ఫైల్లో ఆమె వేలిముద్ర, కాస్త అలుక్కుపోయి.
బల్ల కింద నా ప్యాంటు అంచులు ఇంకా తడి.

జాప్యం మన్నించడమైనది, అని రాశాను.
అసలు కేసు ఇంకా మొదలే కాలేదు.
కూర్చోమన్నాను.
కుర్చీకేసి ఒకసారి చూసి
నిలబడే ఉంది.