నూట పన్నెండో ప్రశ్న

మొంబాసాలో, లికోని ఫెర్రీ రేవులో
పందొమ్మిదేళ్లుగా
కాంక్రీటు ఎంత గట్టిపడిందో మడమతో తట్టి చెప్పే మ్వానహమీసి
పరీక్ష హాల్లో ఏసీ చలికి ముడుచుకుంది.

'వాన ముందే వచ్చింది.
మేనేజరు మొదట చేయవలసిందేమిటి?'
నాలుగు జవాబులు.
ఆమె చేసింది నాలుగింట్లోనూ లేదు.

ఆ రాత్రి ఆమె
చేపల పడవల వాళ్లనడిగి టార్పాలిన్లు తెచ్చింది.
బకారీని నిద్రలేపింది.
తడిసిన సిమెంటు బస్తాల లెక్క మాత్రం
పైకి చెప్పలేదు,
నెలనెలా తన జీతంలోంచే కట్టింది.

మౌస్ మీద వేలు ఆగి ఆగి
'రిస్కు రిజిస్టరు చూడాలి' దగ్గర నొక్కింది.
నవ్వొచ్చింది.
వెంటనే గొంతులో ఏదో అడ్డం పడింది:
అలాంటి పుస్తకమొకటి అప్పుడుంటే
అన్ని బస్తాలూ ఒక్క నెత్తినే పడేవా?

కాగితం వచ్చింది.
పగడపు రాతి గోడకి మేకు దిగలేదు,
ఫ్రిజ్ మీద నిలబెట్టింది.

సోమవారం మీటింగులో ఎప్పటి మాటే అంది:
"ఆటుపోట్లు చూసి పోయాలి కాంక్రీటు,
క్యాలెండరు చూసి కాదు."
ఏడేళ్లు సముద్రపు గాలికి కొట్టుకుపోయిన మాట
ఈసారి మినిట్స్‌లోకెక్కింది,
ఆమె పేరూ
పేరు పక్కన మూడు ఇంగ్లీషు అక్షరాలతో సహా.

ఆమెకి సంతోషమే. కాస్త కోపం కూడా.

మధ్యాహ్నం బకారీ అడిగాడు, ఫీజెంతని.
చెప్పింది.
"రెండు నెలల కూలి!" అని హెల్మెట్ తీసి
తల గోక్కున్నాడు.
బోర్లించిన ఆ హెల్మెట్‌ని వెల్లకిలా తిప్పి
అందులో తన పుస్తకం పెట్టింది,
వాన పేజీ దగ్గర
సిమెంటు వేలిముద్ర అలాగే ఉంది.