నీళ్ళు పోయకు

రిఫాలో ఒక విల్లా వెనక
ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీదికి ఒరిగిందని
నేనే కోశాను దాన్ని, హ్యాక్‌సా బ్లేడుతో.
పాలు కారాయి.
గ్లవ్ మీద జిగురై సాయంత్రానికి నల్లబడ్డాయి.

పారేయబోతుంటే తలుపు తీసింది
ముసలమ్మ, ఉమ్మ్ జాసిం.
బొంబాయి ఓడల్లో బియ్యంతో పాటు దిగిన
పాతకాలపు హిందీలో అంది:
"తీసుకుపో. పది రోజులు ముట్టకు.
పాలు ఆరాక నాటు.
నాటాక నీళ్ళు పోయకు."
గేటు దాటాక మళ్ళీ పిలిచి "పోయకు" అంది.
పోసేవాడిలా కనిపించానేమో.

మావైపు దేవగన్నేరంటే
దర్గా గోడ పక్కన, సమాధుల మీద రాలే పువ్వు.
ఇంట్లో పెట్టుకోరు.
ఇక్కడ ఇల్లెక్కడుంది గనక.
గుదైబియాలో నాలుగంతస్తుల మీద డాబా,
ఆరుగురి బట్టలు ఆరే తాళ్ళు,
విరిగిన డిష్ యాంటెన్నా, దాని నీడలో
అడుగున మేకుతో పదకొండు చిల్లులు పొడిచిన
పెయింటు డబ్బా.
సగం ఇసుక, కూల్చిన గోడ దగ్గర ఏరిన కంకర,
ఒక్క సంచి మట్టి.
మట్టిని డబ్బులిచ్చి కొన్నానని
ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పలేదు.

పది రోజులు మంచం కింద పడుకుంది కొమ్మ,
బూట్ల పక్కన.
మోమినుల్ నవ్వాడు. సిల్హెట్ మనిషి.
వాళ్ళ ఊళ్ళో గొడుగు కర్ర పాతినా చిగురిస్తుందట.

నాటాను.
ఇక ఏమీ చేయకపోవడమే పని.
వ్యాన్ హారన్ కొట్టేలోపు మెట్లెక్కి
చూసి రావడం, అంతే.
రోజంతా నీళ్ళు కార్చే యంత్రాల మధ్య బతికేవాణ్ణి
చేతిలో తడి పెట్టుకుని
ఇవ్వకుండా ఉండటం నేర్చుకున్నాను.

ఐదో వారం, కొనలో
పిచ్చుక నాలుకంత పచ్చ.
అప్పుడు పోశాను మొదటి గ్లాసు,
మా గది ఏసీ చుక్కచుక్కగా కార్చినవి.
ట్యాంకు నీళ్ళు కాదు.
జూన్‌లో వాటితో టీ పెట్టుకోవచ్చు.

షమాల్ దుమ్ము లేచిన మర్నాడు
ఒక్కొక్క ఆకూ తడిగుడ్డతో తుడిచేవాణ్ణి.
ఆకు అడుగున పట్టిన పిండిపురుగుని
పాత టూత్ బ్రష్షుతో, సబ్బునీళ్ళతో.
లస్మన్న చదువుకున్నవాడు, ప్రతిదానికీ పోలిక వెతుకుతాడు:
"మనమూ ఇంతే గదా,
కోసి తెచ్చి నాటిన కొమ్మలం."
కాదన్నాను.
ఇది చలికాలం మూడు నెలలు పని మానేసి
ఆకులన్నీ రాల్చుకుని ఊరికే నిలబడుతుంది.
నన్ను ఒక్క శుక్రవారం అట్లా నిలబడనీయండి,
అప్పుడు పోలుద్దాం.

డిసెంబర్‌లో రాల్చింది, మొత్తం.
ఆ నెలే హిద్ద్ సైటులో రాత్రి డ్యూటీ,
మూడు వారాలు అక్కడే.
తిరిగొస్తే డబ్బా బరువెక్కి ఉంది.
మోమినుల్ తల దించుకున్నాడు.
ఆకులు రాలుతుంటే చూడలేక
రోజూ పోశాడట, వుజూ చేసుకునే చెంబుతోనే.
నొక్కితే కాండంలోకి వేలు దిగింది,
మగ్గిన అరటిపండులోకి దిగినట్టు.

తిట్టడానికి నోరు తెరిచాను.
ఆ మూడు వారాల్లో అతనికి ఊరి నుంచి
ఏ ఫోన్ వచ్చిందో లస్మన్న చెవిలో చెప్పాడు.
మూసుకున్నాను.

బ్లేడు తీసి కోశాను. గోధుమ రంగు.
ఇంకాస్త పైన. గోధుమ రంగు.
ఇంకాస్త.
ఆరో కోతకి తెలుపు, పాలు.
జానెడు మిగిలింది.
మళ్ళీ మంచం కిందికి, ఈసారి మోమినుల్ మంచం.
పది రోజులూ అతనే లెక్కపెట్టాడు,
గోడ మీద పెన్సిలు గీతలతో.

పువ్వా?
జానెడు కొమ్మకి ఇంకో రెండేళ్ళు.
మొన్న సర్వీసుకి వెళ్తే
ఉమ్మ్ జాసిం పెరట్లో రాలినది ఒకటి ఏరి
జేబులో వేసుకొచ్చాను.
తెల్లటి రెక్కలు అయిదు, గొంతులో పసుపు.
ఆ రాత్రి ఆరు మంచాల గదిలో
చెమట, ఉల్లిపాయ, నొప్పుల నూనె
కాసేపు పక్కకి జరిగాయి.
ఎవరూ ఏమీ అనలేదు.
లస్మన్న కూడా పోలిక వెతకలేదు.

డాబా మీద, డబ్బా మీద
మోమినుల్ మార్కరుతో ఏదో రాశాడు,
పెద్దపెద్ద బెంగాలీ అక్షరాలు.
నాకు చదవడం రాదు.
ఏం రాశాడో తెలుసు.