చివరి కొనుగోలు గడువు

షిన్‌చూలో గాలి ఎక్కువ.
తొమ్మిదో అంతస్తు కిటికీ సందులోంచి
అది ఈల వేస్తుంటే
నేను నోటీసు టైపు చేస్తుంటాను:
"ఈ నంబరు గల లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుకు
మార్చి ముప్పై ఒకటి తర్వాత
ఆర్డర్లు స్వీకరించబడవు."

స్వీకరించబడవు.
ఎవరు స్వీకరించరో చెప్పకుండా
ఎంత బాగా తప్పుకుంటుందో ఈ క్రియ!
పదకొండేళ్ళుగా దాని నీడలోనే నా జీతం.
క్యాంటీన్‌లో నన్ను
శవపేటికల షావుకారమ్మ అంటారట.
అననీ.

మొదట్లో, పాడైందే ఆగిపోతుందనుకునేదాన్ని.
ఈ చిప్పుకేం రోగం?
వేలెడు మందం లేని పెట్టెలో
రాగి గొట్టం కింద ఇరుక్కుని
తొంభై డిగ్రీల జ్వరంతోనే
నిన్నటిదాకా
ఎవరి ఆటలోనో వాన కురిపించింది,
ఒక్క చినుకూ తప్పకుండా.

దానికి నూకలు చెల్లింది ఇక్కడ కాదు.
సముద్రానికి అవతల, కొరియాలో,
దాని పక్కన కూర్చునే మెమరీ ముక్కని
తయారు చేయడం మానేశారు.
జోడు పోయిన ఎద్దు మెడ మీంచి
కాడి దించేశారంతే.

ఇలా అని అందరికీ చెబుతాను.
సగం నిజం.

మిగతా సగం ఒక పళ్ళెం.
పన్నెండంగుళాల సిలికాన్ పళ్ళెం,
అద్దంలా మెరుస్తుంది, అంగుళం కూడా సాగదు.
అందులో పాతదాన్ని కోస్తే
మధ్యాహ్నం భోజనం డబ్బులు మిగులుతాయి,
కొత్తదాన్ని కోస్తే
తైపేలో ఫ్లాటుకి అడ్వాన్సు.
లెక్కల విభాగం ఓయాంగ్
తెర నా వైపు తిప్పి చూపించాడు:
"అన్ని గడులూ నింపాను. జాలికి గడి లేదు."
అని, తన జోకుకి తానే నవ్వలేకపోయాడు.

కొత్త నీరు పాత నీటిని తోసేస్తుందంటారు.
నీరు తోయదు.
ఎవరో తూము తిప్పుతారు.

నోటీసుకి జవాబులొస్తాయి.
ఎన్ని మిగిలాయి, ధర తగ్గుతుందా,
తగ్గితే ఎంత. మామూలే.
ఈసారి షిన్‌వూ నుంచి ఒకావిడ,
ఫాన్‌చియాంగ్ జుయ్-యుయే,
మరమ్మతు దుకాణం.
"నాకు తొమ్మిది కావాలి" అని రాసింది.
మా కనీస ఆర్డరు రెండు వేల అయిదు వందలు.

తొమ్మిదీ పశువుల డాక్టర్ల లాప్‌టాప్‌లట.
పంది కడుపు మీద స్కానర్ ఆనించి
పిల్లలెన్నో లెక్కపెట్టే ప్రోగ్రాం
ఈ చిప్పు మీద తప్ప నడవదట.
దాన్ని రాసిన కంపెనీయే ఇప్పుడు లేదట.
"మా వాళ్ళకి కొత్తది వద్దు,
కనబడితే చాలు" అంది.

సొరుగు వెతికాను.
నాలుగు దొరికాయి,
"నమూనా, అమ్మకానికి కాదు" అని స్టిక్కరుతో.
స్టిక్కర్లు పీకి,
ఖాళీ టీ డబ్బాలో పత్తి పరిచి పెట్టి,
పంపినవారి పేరు రాయకుండా పోస్టు చేశాను.
పంపబడినవి, అనొచ్చు.

నెలకి ఉత్తరం వచ్చింది,
వెనక్కి అదే డబ్బాలో, ఈసారి టీ ఆకుతో.
"రెండు బతికాయి.
ఒకటి నేనే వేడి ఎక్కువ పెట్టి చంపాను, క్షమించండి.
నాలుగోది ఇంకా అతికించలేదు.
చెయ్యి వణుకుతోంది, ఆదివారం చూస్తాను."
అడుగున ఒక ఫోటో:
బూడిద రంగు చీకట్లో
తెల్లటి పూసల వరస,
పెన్నుతో చుట్టిన సున్నాలు,
పక్కన పదకొండు అని రాసి
కొట్టేసి
పన్నెండు.

పొద్దున్న ఓయాంగ్ ఇంకో ఫైలు పెట్టి వెళ్ళాడు.
రెండేళ్ళ క్రితం పళ్ళెంలో
దీని చోటు తిన్న చిప్పుదే.
టీ నీళ్ళు మరుగుతున్నాయి.
తేదీ గడి ఖాళీగా వదిలాను.
ఆదివారం దాకా.