కొలరాయి

ముప్ఫై ఒక్క ఏళ్ళు లాకు దగ్గర లస్కరుగా చేశాను,
రాజోలు వైపు పోయే కాలవ మీద.
నీళ్ళలోకి దిగే మెట్ల పక్కన ఒక కొలరాయి,
దాని మీద ఉలితో చెక్కిన అంకెలు.
దొరల నాటివి. ఒక్కటీ అరగలేదు.
అరిగేది వాటి మీది రంగే.

ఏటా ఎండాకాలం కాలవ కట్టేశాక
అడుగున బురద, బురదలో మట్టగిడసలు,
వాటి కోసం పిల్లల గోల,
ఎవరిదో ఒంటి చెప్పు.
తెల్లరంగు డబ్బా పట్టుకుని దిగి
అంకెల మీద అంకెలు దిద్దేవాణ్ణి.

ఒక ఏడు తొందరపడ్డాను.
నాచు సరిగ్గా గీకకుండా
ఐదు చెక్కిన చోట ఆరు దిద్దాను.
సార్వా అంతా ఆ ఆరు చూసే తలుపులు దించాను,
పుస్తకంలో ఆరే రాశాను, పై ఆఫీసరు సంతకం పెట్టాడు.
శివారు చేలల్లో నారు ఎర్రబడింది.

నేతల సూరన్న సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.
"లస్కరుగారూ, మీ ఆరులో మాకు నీళ్ళు లేవండి."
"రాయి అబద్ధమాడుతుందా?" అని ఎగిరాను.
అతను మారుమాట్లాడలేదు. పంచె ఎగగట్టి
మొలలోతు దిగి, బొటనవేలి గోటితో గీకాడు.
నా ఆరు కింద, రాయి ఐదు.

ఆదివారాలు నేను సంఘ పెద్దని.
తాటాకు పాక పోయి రేకులొచ్చాయి,
రేకులు పోయి శ్లాబు పడింది,
నా ప్రసంగం మారలేదు.
కొన్ని మారకూడదు కూడా.
మూడో రోజున సమాధి ఖాళీ. అది చెక్కిన అంకె.
మనల్ని ఎత్తింది కృప, మన మంచితనం కాదు. అదీ అంతే.
కాకినాడలో చదివొచ్చిన మేనల్లుడు నవ్వి
"ఎవరి రంగు వారిది కదా మావయ్యా" అంటే,
"కింద రాయే లేకపోతే
రంగు తప్పని ఎలా తెలుస్తుందిరా?" అన్నాను.
గట్టు కదిలితే దాన్ని వినయం అనరు,
గండి అంటారు.

అక్కడిదాకా నాదే పైచేయి.

తుఫాను వెళ్ళిన మూడో ఆదివారం
పాపం పండిన ఊరి మీదికే సముద్రం వస్తుందని చెప్పాను.
ఆ రోజు గొంతు బాగా పలికింది.
గుమ్మం దగ్గర, చాప అంచున, మార్తమ్మ లేచింది.
పడవతో పాటు పెనిమిటిని పోగొట్టుకున్న మనిషి.
వాక్యం నడుస్తుండగా మా సంఘంలో ఆడవాళ్ళు లేవరు.

"గోపురం కూలి సచ్చినోళ్ళ గురించి పెబువు
ఏవన్నాడో అది కూడా సదవండయ్యగారూ.
మా ఆయన మీకన్నా పాపిష్టోడాండి?"

నీకు అక్షరమ్ముక్క రాదు కదా
అన్న మాట నా పంటి దాకా వచ్చింది.
నిజమే, దాచను.
పేజీ తిప్పాను. నా ఎర్రగీతలు అటూ ఇటూ ఉన్నాయి,
ఆ నాలుగు వరసలూ తెల్లగా ఉన్నాయి.
ఇరవై ఏళ్ళుగా వాటి మీదనుంచి దాటిపోయాను.
ఎందుకో సూరన్న గోరు గుర్తొచ్చింది.

తప్పు చెప్పానన్నాను.
మైకు ఉంది గనుక
అవతలి వీధికి కూడా వినపడింది.
మార్తమ్మ గెలిచినదానిలా లేదు.
కొంగుతో ముక్కు తుడుచుకుని
ఆఖరి ప్రార్థన కాకుండానే లేచి
చేపల తట్ట ఎత్తుకుని రేవుకి పోయింది.

సమాధి ఇప్పటికీ ఖాళీయే.
దాని మీద ఎవరొచ్చినా, రాత్రంతా కూర్చుని వాదిస్తాను.
మిగతా వాటికి మాత్రం
శనివారం పొద్దుగూకే వేళ వాళ్ళ అరుగు మీద కూర్చుని
రేపు చెప్పబోయేది వినిపిస్తాను.
ఆమె పరిగెలు గీకుతూ వింటుంది.
పొలుసులు ఎగిరి నా కాగితాల మీద అంటుకుంటాయి.
కొన్ని మాటలకి "ఆయ్" అంటుంది.
కొన్నిటి దగ్గర
కత్తి ఆగుతుంది.