ఇంటూ మార్కు

బ్రాడీపేటలో దారి తప్పడం కష్టం.
నిలువునా లైన్లు, అడ్డంగా రోడ్లు,
నాలుగు బై పద్నాలుగు అంటే చాలు
ఆటో సరిగ్గా గుమ్మం ముందు ఆగుతుంది.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడే లెక్కలు చెబుతున్నాను,
మేడ మీద, రేకుల కింద.
నా బుర్ర కూడా ఎప్పుడో ఈ పేటలాగే అయిపోయింది.
ప్రతి ఆలోచనకూ ఒక లైను, ఒక అడ్డరోడ్డు,
మలుపులన్నీ తొంభై డిగ్రీలే.

"సగం దోసకాయ మిగిలింది, ఏం చేద్దాం" అని హైమ అడుగుతుందా,
అడగడం పూర్తికాకముందే
"పప్పే కదా" అంటాను.
బక్కెట్టు చెవి ఊడితే కొత్తది కొందామంటాను.
ఓసారి అర్ధరాత్రి
భిన్నాలను రేపల్లె ప్యాసింజరు టైంటేబుల్‌తో చెప్పొచ్చని తట్టింది.
లేచి కూచున్నాను.
లోపల ఎవరో ఎర్ర పెన్ను మూత తీసిన చప్పుడు.
ఇప్పటిదాకా ఎవరూ అలా చెప్పలేదంటే
ఏదో కారణం ఉండే ఉంటుంది, అంది పెన్ను.
పడుకున్నాను.
పిల్లల పుస్తకాలు దిద్దే పెన్నుకు వారానికో రీఫిల్లు కావాలి.
దీనికి అక్కర్లేదు.

మొన్న సోమవారం
వంకరటింకర పొలం బొమ్మ ఒకటి ఇచ్చి
వైశాల్యం కట్టుకు రమ్మన్నాను.
త్రిభుజాలుగా కోసుకోవాలి, విడివిడిగా కట్టాలి, కూడాలి.
నాకు నేర్పిన దారి అది. నేను నేర్పే దారీ అదే.
నాగుల్ మీరా, ఎనిమిదో తరగతి,
మిర్చియార్డులో కాటా వేసే బాజీ గారబ్బాయి,
ఒక్క త్రిభుజమూ గీయలేదు.
పాత శుభలేఖ అట్ట మీద పొలాన్ని దించి కత్తిరించాడట.
అదే అట్టలోంచి సెంటీమీటరు గళ్లు కొన్ని.
తెలిసినవాళ్ల బంగారం కొట్లో, తాసులో,
ఈ పక్క పొలం,
ఆ పక్క ఒక్కొక్కటే గడి.
నలభై ఆరింటికి ముల్లు నిలబడిందట.
"నలభై ఆరు, కొంచెం అటూ ఇటూ" అని రాశాడు.
నా జవాబు నలభై ఆరున్నర.

నా చెయ్యి ఆగలేదు.
పేజీ ఈ మూల నుంచి ఆ మూలకు
పెద్ద ఇంటూ పెట్టాను.
వాడు పుస్తకం తీసుకుని "సరే సార్" అన్నాడు.
ఆ సరే నాకు తెలుసు.
ఆ రాత్రి మంచం మీద నేను అన్నదే,
అచ్చం అదే గొంతు.

రాత్రి కరెంటు పోయింది.
దోమలు, విసనకర్ర, కళ్ల ముందు ఆ ఎర్ర గీతలు రెండు.
ఎంతసేపు చూశానో,
ఇన్నేళ్ల నా చేతి గుర్తు నాకే కొత్తగా కనబడింది.
లెక్క పక్కన పెడితే కొట్టేస్తుంది.
రెండు అంకెల మధ్య పెడితే గుణిస్తుంది.
గీత మారలేదు,
పెట్టిన చోటే.

మర్నాడు మీరా పుస్తకం అడిగి తీసుకున్నాను.
ఎర్ర సిరా చెరగదు కదా.
ఇంటూకు ఆ పక్కన నా పద్ధతి రాశాను, ఈ పక్కన వాడిది ఉండనే ఉంది.
వాడికి అర్థమైనట్టు లేదు.
"అసలు తూకం వేయాలని ఎలా తట్టిందిరా?"
గొప్ప మాటేదో వస్తుందని చూశాను.
"మా చెల్లి స్కేలు విరగ్గొట్టింది సార్.
నాలుగు సెంటీమీటర్ల ముక్కే మిగిలింది.
గళ్లకైతే అది చాలింది."

ఆ సాయంత్రం క్లాసు అయ్యాక మెట్లు దిగుతుంటే
వంటింట్లోంచి హైమ:
"సగం దోసకాయ ఉంది."
నోటిదాకా వచ్చింది పప్పు.
పెన్ను మూత ఊడిన చప్పుడూ వినబడింది.
అది మానేలా లేదు, నా వయసు దానికీ ఉంది.
"ఏమో" అన్నాను.
హైమ కత్తిపీట మీంచి తలెత్తి చూసింది,
జ్వరమేమన్నా తగిలిందా అన్నట్టు.
తర్వాత ఇద్దరం
ఆ దోసకాయ వంక చూస్తూ
కాసేపు అలా ఉండిపోయాం.