వాయిదాల మీద

సిరొంచ కోర్టులో నాది రెండు నాలుకల కొలువు.
మరాఠీలో అడిగింది తెలుగులో చెప్తాను,
తెలుగులో ఏడ్చింది మరాఠీలో రాయిస్తాను.
ఇరవై రెండేళ్లలో నేను తడబడ్డ రోజులు
ఒక చేతి వేళ్లకు మించవు.

ఆ రోజు తడబడ్డాను.

బోనులో జాడి అంకులు.
సమ్మక్క మిరపతోటలో మోటరు విప్పి
ప్రాణహిత దాటించి అమ్మి
ఆ డబ్బు ఆ ఒడ్డునే తాగేసి
తిరుగు పడవలో నిద్రపోతూ దొరికాడు.
ఈ ఒడ్డున సీసా నేరం, ఆ ఒడ్డున దుకాణం,
నడుమ నీళ్లకు ఏ చట్టమూ అంటదు.
కర్ర పట్టుకుని నిలబడ్డాడు,
కర్ర వణుకుతోంది.

జడ్జిగారు కాగితం మీంచి తల ఎత్తకుండా
ఒక్క మాట అన్నారు: పరివీక్షా.
జైలు లేదు. ఏడాది పూచీకత్తు.
ప్రతి బుధవారం మడావి మేడం ముందు హాజరు,
వ్యసనముక్తి కేంద్రంలో వైద్యం,
మోటరు డబ్బు నెలనెలా.

అంకులు నా నోటి వంక చూస్తున్నాడు.
నా నోట్లో ఏమీ లేదు.
పరిశీలన అందామంటే ఆఫీసు గోడ మీది మాట.
క్షమించారంటే అబద్ధం.
వదిలేశారంటే ఇంకా పెద్ద అబద్ధం.
"ఇంటికి పో, కానీ పోయినట్టు కాదు" అన్నాను.
పోలీసాయన నవ్వాడు.
అంకులు నవ్వలేదు.
"జైలే నయం సారూ, ఆడ తలుపు వాళ్లే ఏస్తరు."
అది తర్జుమా చెయ్యమని ఎవరూ అడగలేదు.

మా తమ్ముడికి ఆరు నెలలు పడ్డనాడు సెలవు పెట్టాను.
దుబాసీ అక్కర్లేకపోయిందట.
జైలుకు అన్ని భాషల్లో మాట ఉంది.
చంద్రపూర్ నుంచి వాడు తాగుడు మానకుండానే వచ్చాడు,
తాళాలు తీయడం నేర్చుకుని.

మొదటి బుధవారం
టీ గ్లాసు అంకులు పెదవిదాకా రాలేదు,
మేడం సగం వంపేసి మళ్లీ ఇచ్చింది.
మూడో బుధవారం చాప కింద పాములున్నాయన్నాడు.
చాప ఎత్తి చూపించింది,
ఒకసారి కాదు, పదిసార్లు.
ఏడో బుధవారం రాలేదు.

స్కూటీ ఇసుకలో దిగబడితే నడిచి వెళ్లి
బోర్లించిన పడవ కింద వెతికి పట్టింది.
మళ్లీ బోను. మళ్లీ నేను.
"తాగినవా?"
"తాగిన."
ఆ మాటను మెత్తగా చెప్పే దారులు
మరాఠీలో నాకు నాలుగు తెలుసు.
ఒక్కటీ వాడలేదు. వాడు దాచనిది నేనెందుకు దాచాలి?
మేడం ఏదో అంది.
అంకులు వైపు వంగి చెప్పాను:
"పడ్డడు గాని పారిపోలే అంటున్నది."
జడ్జిగారు చాలాసేపు ఫ్యాను చూశారు.
బుధవారానికి శనివారం కలిపారు.

వరండాలో సమ్మక్క, ఒడి నిండా ఎండు మిర్చి ఘాటు.
కోపం లేదా అన్నాను.
"లేకేంది? చెయ్యి ఇరగ్గొట్టాలనుంది.
ఇరిగిన చెయ్యి కాయ ఏరుతదా?
లోపలేస్తే నా మోటరు ఎవడు కడతడు, జడ్జి కడతడా?
వాన్ని వాయిదాల మీద ఇడిసిండ్రు.
మోటరూ వాయిదాలే, మనిషీ వాయిదాలే."

వాయిదా!
రోజుకు ముప్పైసార్లు పిలిచే మాట.
నిఘంటువు అంచు మీద పెన్సిలుతో రాసుకున్నాను,
పక్కన ఆమె పేరు.

ఇంకా నాలుగు కట్టాలి, పదకొండు బుధవారాలు.
మిరప కోతల్లో అంకులు సమ్మక్క తోటలోనే,
కూలిలో సగం ఆమె పట్టుకుంటుంది, లెక్క ఇద్దరికీ నోటికొచ్చు.
సాయంత్రం రేవుకు పోతాడు, పడవ ఎక్కడు.
ఎక్కేవాళ్లను లెక్కపెడతాడు,
దిగేవాళ్లను కూడా.

మొన్న బస్టాండులో ఆపి అడిగాడు:
"అన్నీ కట్టినంక నన్నేమంటరు సారూ?"

బస్సు హారను కొట్టింది.
ఆ మాట కూడా
నా దగ్గర లేదు.